తెరిచి చూడని కాపీ

మా కేంద్రం అబిడ్స్‌కూ నాంపల్లి స్టేషన్‌కూ మధ్య ఒక సందులో ఉంది. పాత మూడంతస్తుల ఇల్లు. ఒక ట్రస్టు దాన్ని కొని, తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే చోటుగా మార్చింది. తలసీమియా అంటే ఒంట్లో రక్తం నిలవని జబ్బు. పుట్టిన ఏడాదికే బయటపడుతుంది. అక్కడి నుంచి బతికినన్నాళ్ళూ మూడు వారాలకోసారి ఎవరో ఒకరి రక్తం ఎక్కించుకోవాల్సిందే. వికారాబాద్, తాండూరు వైపు తల్లులు పొద్దున రైలు దిగి, పిల్లల్ని చంకనేసుకుని నడిచి రాగల దూరం కనుకనే ట్రస్టు వాళ్ళు ఈ సందు చూసుకున్నారట.

నేను అక్కడ కంప్యూటర్లు చూసుకుంటాను. చదివింది కామర్స్. ఈ పని కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో, ఒక నెట్ సెంటర్లో పనిచేస్తూ నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చిందని జనగామ దగ్గర మా ఊళ్ళో చెప్పినప్పుడు మా నాయిన కాసేపు ఆలోచించి, "అంటే మోటరు ఆగకుండ చూసే పని అసొంటిదే గదా" అన్నాడు. ఔ అన్నాను. నిజానికి అంతే. మోటరు ఆగితే చేను ఎండుతుంది. మా దగ్గర కంప్యూటర్ ఆగితే ఏ పిల్లకు ఏ రక్తం ఎక్కించాలో వెతుక్కోవాల్సి వస్తుంది.

నా గది సెల్లార్‌లో ఉండేది. అక్కడే సర్వర్, దాని పక్క గదిలో ఇనుప బీరువాల్లో కాగితాల ఫైళ్ళు. పిల్లల మంచాలు మొదటి అంతస్తులో. నేను పైకి పోయేది తక్కువ. ప్రింటర్ పనిచేయడం లేదని ఫోనొస్తే పోయేవాణ్ణి, బాగు చేసి దిగొచ్చేవాణ్ణి. మూడొందల పైచిలుకు పిల్లల పుట్టిన తేదీలు, గ్రూపులు, బరువులు నా సర్వర్‌లో ఉండేవి కానీ వాళ్ళలో ఒక్కరి మొహమూ నాకు గుర్తుండేది కాదు.

పనిలో మాత్రం లోపం లేదనుకునేవాణ్ణి. రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు, ఆ రోజు వరకూ ఉన్న వివరాలన్నీ రెండో అంతస్తులోని ఇంకో డిస్కులోకి వాటంతటవే కాపీ అయ్యేటట్టు పెట్టాను. కాపీ కాగానే తెర మీద పచ్చ టిక్కు పడేది. అది చూసి టిఫిన్ డబ్బా తెరిచేవాణ్ణి.

మూడేళ్ళ కిందటి వానాకాలంలో ఒక రోజు, పొద్దున పదకొండు కూడా కాకముందే, బయట చీకటి పడ్డట్టయింది. అప్పటికి గంట నుంచి కుంభవృష్టి. నీళ్ళు మెట్ల మీదుగా వస్తాయేమోనని నేను మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాను. అవి వెనక నుంచి వచ్చాయి, మోరీలోంచి. బాత్‌రూమ్ జాలీలోంచి నల్లటి నీళ్ళు పొంగి, నా కుర్చీ కిందికి చేరేదాకా నాకు తెలియలేదు. లేచి గడపలోకి వచ్చేలోగా చీలమండలు మునిగాయి. సర్వర్ బల్ల కింది అరలో ఉంది. వెనక్కి తిరిగాను.

"తమ్మీ, నీళ్ళల్ల మళ్ల కాలు పెట్టకు. ఇంక కరెంటు ఉన్నది."

మెట్ల పైన మా ల్యాబ్ పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా రక్తం పరీక్షలు చేస్తున్నవాడు, పాత హైదరాబాదీ కుటుంబం, సగం ఉర్దూ సగం తెలుగుగా మాట్లాడతాడు. నన్ను తమ్మీ అంటాడు, నేను అన్నా అంటాను.

"అన్నా, సర్వర్ కింద అరలనే ఉన్నది."

"ఉండనీ. నీకేమన్న అయితే కొత్త సర్వర్ ఎవలు పెడ్తరు? జర ఆగు, మెయిన్ బంద్ చేసొస్తా."

ఆయన వెనక వరండాకు పోయి మెయిన్ దించేసరికి నాలుగైదు నిమిషాలు పట్టింది. బిల్డింగంతా చీకటైంది. పైన ఎనిమిది మంది పిల్లలకు రక్తం ఎక్కుతోంది. దానికి కరెంటు అక్కర్లేదు, ప్యాకెట్టు ఎత్తున వేలాడితే చాలు. తల్లులు సెల్‌ఫోన్ లైట్లు వేసి పట్టుకున్నారు. రక్తం దాచే ఫ్రిజ్ రెండో అంతస్తులో ఉంది, దానికి వెనక దిమ్మె మీది జనరేటర్ నుంచి వేరే లైను. అది ఆగలేదు.

నేను, వాచ్‌మన్ కలిసి సర్వర్‌ను బయటికి తీసేటప్పటికి నీళ్ళు మోకాళ్ళ పైకి వచ్చాయి. మెట్ల మీద పెట్టి వంచితే ఒక బిందెడు నీళ్ళు, బురద కారాయి. పక్క గదిలో బీరువాల కింది అరలు మునిగిపోయాయి. గడిచిన ఏడాది ఫైళ్ళన్నీ కింది అరల్లోనే ఉన్నాయి. ఒకటి తీస్తే చేతిలో ముద్దయి జారిపోయింది.

డాక్టర్ మేడం మెట్ల దగ్గరికి వచ్చారు. మా కేంద్రం మొత్తం ఆమె చేతి మీద నడుస్తుంది. ఆమె మొహం చూసి నేనే ముందు అన్నాను:

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. పైన కాపీ ఉన్నది. సాయంత్రం కల్ల నడిపిస్త."

ఆ మాట అంటున్నప్పుడు కొంచెం గర్వపడ్డాను కూడా. ఇలాంటి రోజు కోసమే కదా నన్ను పెట్టుకున్నారు అనుకున్నాను.

వాన తగ్గాక గన్‌ఫౌండ్రీలో తెలిసిన వాళ్ళ దగ్గర ఒక ల్యాప్‌టాప్ అడిగి తెచ్చాను. నడుము లోతు నీళ్ళలో ఆగిపోయిన ఆటోల మధ్యలోంచి, దాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చాను. రెండో అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని డిస్కు తగిలించాను. పేర్లు వచ్చాయి. ఒక పిల్లవాడి పేరు నొక్కితే, ఎక్కించిన తేదీలన్నీ వరసగా వచ్చాయి. చివరి తేదీ పోయిన బతుకమ్మకు ముందరిది. ఈ పిల్లవాడు తర్వాత రాలేదేమో అనుకున్నాను. ఇంకొకరి పేరు తెరిచాను. అదే వారం. పదిమందివి తెరిచాను. అందరి వివరాలూ అక్కడే ఆగిపోయాయి. ఆ తర్వాతి ఎనిమిది నెలలు లేవు.

ఎందుకు లేవో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. బతుకమ్మ సెలవుల్లో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేశారు. కొత్తది వివరాల్ని ఇంకో ఫోల్డర్‌లో దాచుకోవడం మొదలుపెట్టింది. నా కాపీ మాత్రం పాత ఫోల్డర్‌నే రోజూ పొల్లుపోకుండా తీసుకుపోయి పైన పెట్టింది. చెప్పిన పని చేసింది, టిక్కు పెట్టింది. ఎనిమిది నెలలు నేను ఆ టిక్కు చూశానే తప్ప, ఒక్కసారి కూడా ఆ కాపీ తెరిచి లోపల ఏముందో చూడలేదు.

ఆ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాయాలి. ఆ డిస్కును చేతిలో పట్టుకుని, దీన్ని కూడా కిందికి తీసుకుపోయి నీళ్ళలో ముంచితే ఎవరికీ తెలియదని అనుకున్నాను. వాన అందరికీ కనబడింది. వాన మీద ఎవరూ కోపం తెచ్చుకోరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, చిన్నదాన్ని అప్పుడే బడిలో వేశాం. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. పక్క గదిలో ఫ్రిజ్ గురగురమంటూ నడుస్తోంది. కింది అంతస్తులో ఒక పిల్ల సూది తీసేటప్పుడు ఏడుస్తోంది, తల్లి "అయిపాయె, అయిపాయె" అంటోంది. లేచి మేడం గదికి పోయాను. ధైర్యం వచ్చి పోలేదు. ఇంకాసేపు కూర్చుంటే ముంచేస్తానేమోనని భయమేసి పోయాను.

ఆమె విన్నారు. కేకలేస్తారనుకున్నాను. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు రెండూ అరచేతులతో మూసుకున్నారు.

"ఏం ఉంది, ఏం లేదు, ఆ రెండే చెప్పండి" అన్నారు.

చెప్పాను. ల్యాబ్ అన్నను పిలిపించారు. ఆయనా విన్నాడు. నా వైపు చూడలేదు.

"యాంటీబాడీల పిల్లలు, మేడం" అన్నాడు. "మిగతాది ఎట్లనన్న నడిపిస్తం. వాళ్ళదే పరేషాన్."

నాకు ఆ మాట సర్వర్‌లో ఒక గడి పేరుగా మాత్రమే తెలుసు. ఆయన ఆ రోజు విడమరిచి చెప్పాడు. పరాయి రక్తం ఎక్కించగా ఎక్కించగా, కొందరు పిల్లల ఒళ్ళు ఆ రక్తంలోని ఏదో ఒక గుణాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుణం లేని రక్తమే వెతికి ఎక్కించాలి. చిక్కేమిటంటే, కొన్ని నెలలకు పరీక్షలో ఆ శత్రుత్వం కనబడకుండా పోవచ్చు. రిపోర్టు శుభ్రంగా వస్తుంది. కానీ ఆ రక్తం మళ్ళీ లోపలికి పోతే, వారం లోపల ఒళ్ళు దాన్ని విరిచేస్తుంది. అందుకే పాత రిపోర్టు ముఖ్యం.

"బతుకమ్మకు ముందరి వాళ్ళు కాపీల ఉన్నరు గద. ఆ తర్వాత కొత్తగ ఆరుగురికి వచ్చింది" అన్నాడు. "నలుగురు నాకు యాదికున్నరు. ఇద్దరు యాదికి వస్తలేరు."

ఆ పరీక్షలు బయటి పెద్ద ల్యాబ్‌లో చేయించేవాళ్ళం. ఫోన్ చేస్తే, పాత రిపోర్టులు తీసి పంపడానికి వారం పడుతుందన్నారు. మునిగిన సర్వర్‌ను బాగుచేసే వాళ్ళకు పంపితే, రెండు వారాలు ఉంచుకుని, ఏమీ రాలేదని తిప్పి పంపారు. పిల్లలు మాత్రం రేపొద్దున వస్తారు, ఎల్లుండి వస్తారు. రక్తం వారం ఆగదు.

మేడం అన్నారు: "తల్లుల దగ్గర కాగితాలుంటాయి. మనమిచ్చిన ప్రతి రిపోర్టుకీ ఒక కాపీ వాళ్ళకిస్తాం. అందరికీ ఫోన్ చేసి ఫైళ్ళు తెమ్మనండి. ఎందుకో కూడా చెప్పండి."

"ఏమని చెప్పాలె మేడం?"

"నాకు చెప్పినట్టే."

ఆ సాయంత్రం నుంచి ఫోన్లు చేశాను. మొదటి పది ఫోన్లలో "వానకు కంప్యూటర్ ఖరాబైంది" అని మాత్రమే చెప్పాను. పదకొండో ఫోన్‌లో ఒక తల్లి, "అయ్యో, గంత నీళ్ళొచ్చినయా, మీకేం కాలేదు గద బిడ్డా" అంది. అప్పుడు అబద్ధానికి నోరు రాలేదు. "వాన తప్పు కాదమ్మా, నాది. కాపీ సరిగ్గ తీయలేదు" అన్నాను. "సరే, కాయిదాలు తెస్త. అన్నీ ఉన్నయి నా దగ్గర" అంది. ఆ మొదటి పదిమందికీ మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన తిట్టాడు. విన్నాను.

మర్నాడు పొద్దున మొదటి అంతస్తులో మంచాల మధ్య ఒక స్టూలు వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తల్లులు వచ్చారు. చీరల దుకాణాల ప్లాస్టిక్ కవర్లు, మందుల దుకాణాల కవర్లు, ఒకామె బియ్యం సంచి. వాటిలో ప్రతి కాగితమూ ఉంది. మేము ఒకటో ఏట ఇచ్చిన చీటీ దగ్గర నుంచి, పోయిన నెల బరువు రాసిన ముక్క దాకా. తేదీల వరసలో దారంతో కుట్టి తెచ్చిన వాళ్ళున్నారు. చదువు రాని ఒకామె, ఏ కాగితం ఏదో గుర్తుండటానికి మూలల్లో పసుపు బొట్టు, కుంకుమ బొట్టు, గీత, ఇలా గుర్తులు పెట్టుకుంది. నేను జీతం తీసుకుని చేయలేని పనిని వాళ్ళు ఊరికే చేసి పెట్టారు. కాగితం తీసి చదవడం, టైపు చేయడం, తిరిగి ఎలా ఉన్నది అలా మడిచి ఇవ్వడం. పక్కన మంచం మీది పిల్లలు నేను టైపు చేసేది చూస్తూ, "నా పేరు తప్పు కొట్టినవ్ అంకుల్" అని దిద్దేవాళ్ళు. అలా ఫలానా పేరున్న పిల్లకు ముందు పళ్ళు ఊడాయనీ, ఫలానా పిల్లవాడు సూది పెట్టేటప్పుడు ఎక్కాలు చదువుతాడనీ మొదటిసారి తెలిసింది.

రెండో రోజు ఐదో మనిషి దొరికాడు, ఒక పిల్లవాడు. వాళ్ళమ్మ కవర్లో రిపోర్టు ఉంది. ల్యాబ్ అన్న దాన్ని కళ్ళకద్దుకుని, "ఇంక ఒక్కలే" అన్నాడు.

నాలుగో రోజు తాండూరు వైపు నుంచి ఒక తల్లి, తొమ్మిదేళ్ళ కూతుర్ని తీసుకుని వచ్చింది. పిల్ల పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వానకు రైలు దొరక్క నాలుగు రోజులు ఆలస్యమయ్యారట. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది.

"అమ్మా, కాగితాలు?" అన్నాను.

"ఇల్లు కురిసింది సారు. అటుకు మీద పెట్టిన. అంత పెంటయి పోయింది" అంది. తప్పు చేసినట్టు తల దించుకుంది. నేనూ తల దించుకున్నాను.

అన్న పరీక్ష చేశాడు. ఏ యాంటీబాడీ కనబడలేదు. ప్యాకెట్టు తెచ్చి మంచం పక్కన నిలబడ్డాడు గానీ తగిలించలేదు. మేడం కూడా వచ్చారు. ఆరోది ఈ పిల్లే కావచ్చు, కాకపోవచ్చు. ఆపుదామంటే పిల్ల కూర్చోలేకపోతోంది.

మేడం మంచం అంచున కూర్చుని తల్లిని అడిగారు: "చలికాలంలో ఈ అమ్మాయికి ఏమన్నా అయిందా? రక్తం ఎక్కించాక?"

తల్లి ఆలోచించింది. "సదువు రాదు గని గా సంగతి యాదికున్నది మేడం. ఎక్కించుకోని పోయినంక ఆరేడు రోజులకు కండ్లు పచ్చగైనయి. మూత్రం చాయ డికాషన్ లెక్క వచ్చింది. కామెర్లని మా ఊళ్ళ పసరు పోయిస్తమన్నరు. నేను వద్దని ఇటే తోలుకొచ్చిన. మీరు రక్తం తీసి యాడికో పంపిన్రు. గప్పటి సంది పెద్దసారు ప్యాకెట్ తెచ్చుడు లేటయితుండె. 'నీ బిడ్డకు వెతికి తేవాలె' అంటుండె."

అన్న నుదురు కొట్టుకున్నాడు. "ఈమెనే. ఈమెనే మేడం. కాని ఏది? ఏ గుణం లేనిది తెచ్చిన నేను?"

అప్పుడు పిల్ల, కళ్ళు మూసుకునే ఉండి, మెల్లగా అంది: "చిన్న సి."

అందరం ఆమె వైపు తిరిగాం.

"మేడం నా ఫైలు అట్ట మీద రాసింది. మా బడిల గప్పుడు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చెప్తుండిరి. సి పెద్దదైనా చిన్నదైనా ఒక్క తీరుంటది గద. మేడం కింద గీత కొట్టింది, చిన్నది అని తెలువాలెనని. నేను అడిగితె చెప్పింది."

మేడం పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "ఔను, అడిగావు" అన్నారు. నాకు ఈరోజుకీ ఆ గొంతు గుర్తుంది.

అయినా పిల్ల మాట మీదే ఎక్కించలేదు. పెద్ద ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఈ ఒక్క పేరు మాత్రం ఇప్పుడే వెతకమని బతిమాలారు. అవతలి వాళ్ళు వెతుకుతుండగా అన్న ఫ్రిజ్‌లో ఆ గ్రూపు ప్యాకెట్లన్నీ బయటికి తీసి ఒక్కొక్కటీ పరీక్షించాడు. ఆ చిన్న సి గుణం లేనివి మూడు దొరికాయి. గంటన్నరకు ఫోన్ వచ్చింది. పిల్ల చెప్పింది నిజమే. ప్యాకెట్టు తగిలించారు. మధ్యాహ్నానికి పెదవులకు రంగు వచ్చింది. లేచి కూర్చుని బిస్కెట్లు అడిగింది.

ఆరుగురూ దొరికారని ఆ రోజు అందరం ఊపిరి పీల్చుకున్నాం. అన్న ఇంటి నుంచి ఖుబానీ మీఠా తెప్పించి నాకు కూడా పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత నాతో ఆయన సరిగ్గా మాట్లాడింది అప్పుడే.

వారం చివర పెద్ద ల్యాబ్ వాళ్ళ జాబితా వచ్చింది. అందులో ఏడు పేర్లున్నాయి.

ఏడో పేరు పంతొమ్మిదేళ్ళ అమ్మాయిది. కోఠిలో డిగ్రీ చదివేది. చిన్నప్పటి నుంచి మా దగ్గరికి వస్తున్నదే, ఇప్పుడు తల్లి లేకుండా ఒక్కతే వచ్చి ఎక్కించుకుని పోతుంది. ఆమె రిపోర్టు వచ్చిన వారం అన్న సెలవులో ఉన్నాడు, తర్వాత ఆమె ప్యాకెట్లు తెర చూసే తీసేవాళ్ళు, అందుకే ఆ పేరు ఆయనకు గుర్తు లేదు. ఆమెకు పరీక్షలుండి తన కాపీ తీసుకోలేదు, అందుకే ఆమె ఫైల్లో లేదు, ఆమెకూ తెలియదు. సర్వర్‌లో మాత్రమే ఉండింది. పరీక్షలో ఏమీ కనబడక, ఆమెకు మేము రెండో రోజే మామూలు రక్తం ఎక్కించాం.

మేడం వెంటనే ఫోన్ చేశారు. "నేనే వద్దామనుకుంటున్న మేడం. నిన్నటి సంది కండ్లు పచ్చగున్నయి" అందట ఆమె.

ఐదు రోజులు పెద్ద దవాఖానలో ఉంది. రక్తం సగానికి పడిపోయింది, జ్వరం, నడుము నొప్పి. మూడో రోజు నేను చూడటానికి పోయాను. పోవద్దని అన్న చెప్పాడు, పోకుండా ఉండలేకపోయాను. దానిమ్మలు తీసుకుపోయాను. ఆమెకు నేనెవరో తెలియదు. చెప్పాను. ఏం జరిగిందో మొత్తం చెప్పాను, టిక్కు సంగతితో సహా.

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. "రేపు నాకు ఆఖరి పేపర్ ఉండె" అంది. "పోయింది. ఆర్నెల్లు ఆగాలె మళ్ల."

"తప్పు నాది" అన్నాను.

"తెలుసన్నా. ఇప్పుడే చెప్పినవ్ గద. ఏం జెయ్యాలె నేను దాంతోని?"

దానిమ్మలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. నాంపల్లి దాకా బస్సెక్కకుండా నడిచాను. అసెంబ్లీ ముందర ట్రాఫిక్ ఆగిపోయి హారన్లు మోగుతున్నాయి, నాకు ఏదీ తలకెక్కలేదు. మర్నాడు రాజీనామా రాసి మేడం బల్ల మీద పెట్టాను. ఆమె చదివి, నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు.

"ఎక్కించమన్న నిర్ణయం నాది" అన్నారు. "నేను కూడా రాయాలి మరి. ఇద్దరం పోతే రేపు వచ్చే పిల్లల్ని ఎవరు చూస్తారు? ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఏం చేస్తారో అది రాసి తీసుకురండి."

రాశాను. సర్వర్‌ను సెల్లార్ నుంచి రెండో అంతస్తుకు మార్చాం. కాపీలు మూడు చోట్ల పెట్టాం, ఒకటి ఊరి బయట. యాంటీబాడీ ఉన్న ప్రతి ఒక్కరికీ జేబులో పెట్టుకునే అట్ట కార్డు ఇచ్చాం. ఇవన్నీ ఎవరైనా చేసేవే. అన్నిటికంటే ముందు రాసింది ఇంకొకటి: నెలకోసారి, మొదటి సోమవారం, కాపీని వేరే మిషన్ మీద తెరవాలి. ఎవరో ఒకరి పేరు తీసి, ఆ మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని, వరసగా చదివి వినిపించాలి. సరిగ్గా ఉందని వాళ్ళు చెప్పాలి. టిక్కు వాళ్ళు పెట్టాలి.

మొదటి రెండు నెలలు వార్డులో ఉన్న తల్లుల్ని అడిగాను. మూడో నెల సోమవారం ఆ అమ్మాయే వచ్చింది. దవాఖాన తర్వాత నేను ఎదురుపడితే తల తిప్పుకుని పోయేది. ఆ రోజు స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాది తెరువు" అంది.

తెరిచాను. చదవడం మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్ళ వివరాలు, మూడు వందల దాకా తేదీలు. ఒక్కటీ వదలకుండా వింది. కొన్ని తేదీల దగ్గర ఆగమనేది. "ఆ రోజు మా అమ్మమ్మ తోలుకొచ్చింది" అనేది. "ఆ రోజు ఏడ్సిన బాగ." ఆ వాన వారం తేదీ వచ్చింది. ఆగాను. "చదువు" అంది. ఏ ప్యాకెట్టు ఎక్కించామో, ఆరో రోజు ఏమైందో, మేడం రాసినదంతా చదివాను. మొత్తం విని, చిన్నగా తలూపి, తనే టిక్కు పెట్టింది.

ఆ తర్వాత ప్రతి మొదటి సోమవారం వస్తోంది. ఆ రోజు తనకు రక్తం ఎక్కించేది ఉన్నా లేకున్నా వస్తుంది. ఎవరి పేరు తెరవాలో తనే చీటీ తీస్తుంది. చదువు రాని తల్లి అయితే పక్కన కూర్చుని అర్థమయ్యేటట్టు చెబుతుంది. పోయిన ఏడాది డిగ్రీ అయిపోయింది, ఇప్పుడు బీఈడీలో చేరింది. మేము ఆ రోజు గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. క్షమించిందా అంటే నాకు తెలియదు. అడగను కూడా.

మొన్నటి సోమవారం చీటీలో మళ్ళీ తన పేరే వచ్చింది. తెరిచాను. తెర మీదికి వంగి చూసి, "ఇంక డిగ్రీ రెండో సంవత్సరం అనే ఉన్నది అన్నా. బీఈడీ అని మార్చు. బరువు గూడ పాతదే ఉన్నది" అంది.

సర్వర్‌లో మార్చాను. ఆమె టిక్కు పెట్టబోయి, చెయ్యి ఆపింది.

"ఇది కాపీలకు ఎప్పుడు పోతది?"

"రేపు మధ్యాహ్నం."

"అయితె రేపు వస్త. కాపీల చూసినంకనే టిక్కు" అని బ్యాగు భుజాన వేసుకుని, మెట్లు దిగిపోయింది.